నూట పదహార్లు

ఆదివారం. పిన్ని వాళ్ల గృహప్రవేశంలో చదివింపులు రాసే పని నా నెత్తిన పడింది. లెక్కల మాస్టారిని కదా, ప్రతి ఫంక్షన్‌లోనూ ఇదే గోల. కవర్లలో ఎక్కువగా 516, 1116 వచ్చాయి. ఒక తాతగారు మాత్రం వంద నోటు, పది నోటు, ఐదు బిళ్ల, రూపాయి బిళ్ల విడివిడిగా బల్ల మీద పేర్చి, "నూట పదహార్లు, రాసుకో నాయనా" అన్నారు.

ఈ 116 ఎక్కడిదంటే మా మావయ్య దగ్గర కథ సిద్ధంగా ఉంటుంది. నిజాం కాలంలో ఏడు హాలీ రూపాయలు (నిజాం సొంత నాణేలు) ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానమట, అందుకని వందకు నూట పదహారట. లెక్క వేస్తే 116 దాటి మూడింట రెండు వంతులు వస్తుంది. ఆ చిల్లర ఎవరు మింగారో ఆయన చెప్పడు.

జనం భోజనాలకు లేచాక పుస్తకం చివరి పేజీలో 116ను విప్పడం మొదలెట్టాను. పక్కన తమ్ముడి కూతురు, తొమ్మిదో తరగతి.

"పెదనాన్నా, ఇది ప్రైమా?"

"రెండు తప్ప సరి సంఖ్య ఏదైనా ప్రైమ్, అదే ప్రధాన సంఖ్య, ఎలా అవుతుందే?"

నాలుక కరుచుకుంది. 116 అంటే 2 × 2 × 29. తనను వదిలేసి మిగతా కారణాంకాలు 1, 2, 4, 29, 58 కలిపితే 94. ఇరవై రెండు తక్కువ, అంటే లోటు సంఖ్య. శుభమని ఇచ్చేదానికి ఇదేం ఖర్మో! అదే 1116కి ఇలా కూడితే 1796 వస్తుంది, మిగులే మిగులు.

నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన గణితవేత్త కప్రేకర్ గారు హర్షద్ సంఖ్యలని కొన్నింటికి పేరు పెట్టారు. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడాలి. 516ను 12తో, 1116ను 9తో, 10116ను కూడా 9తో కొట్టెయ్యొచ్చు. ముగ్గురూ పాస్. మూలపురుషుడు 116 ఒక్కడే ఫెయిల్: 8తో భాగిస్తే 4 మిగులుతుంది.

అయితే 516కీ 1116కీ లేని సోకు ఒకటి దీనికుంది. రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా: 10² + 4². నూరు, పదహారు, పిలిచే పేరులోనే ఉంది! 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలన్నీ రెండు వర్గాల మొత్తమని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో తోటి గణితవేత్త మెర్సెన్‌కు ఉత్తరం రాశాడు. 29 ఆ బాపతే. 1116లో ఉన్న 31 కాదు, 516లో ఉన్న 3, 43 కూడా కావు.

నాకు అన్నిటికంటే నచ్చేది వేరే ఉంది. 1 నుంచి 116 దాకా అన్నీ గుణిస్తే వచ్చే సంఖ్యకు చివర 27 సున్నాలుంటాయి. సున్నాతో ముగిసే మొత్తం చదివించకూడదంటారు కదా, మన అలవాటు ప్రకారం ఒక రూపాయి కలపండి. అది ప్రధాన సంఖ్య! ఇలా 77 దగ్గర కుదిరాక మళ్లీ 116 దగ్గరే కుదురుతుంది, ఆ తర్వాత 154 వరకూ ఇంకోటి లేదు.

"ఏదీ, రాసి చూపించు" అంది పిల్ల. 191 అంకెలు. పేజీలో చోటు చాలదని తప్పించుకున్నాను.