పుస్తకంలో బర్రెలు

మా ఊరి పొదుపు సంఘాల పుస్తకాలను నమ్మితే, ఈపాటికి మా ఊర్లో సొంతంగా పాలడెయిరీ ఉండాలి. అప్పు తీసుకున్న వాళ్లలో సగం మంది ఎందుకు అన్నచోట ‘బర్రె’ అని రాయించారు. ఇంకొందరు ‘గొర్రెలు’. ఊరంతా తిరిగి చూస్తే అన్ని తోకలు కనపడవు.

నేను అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సబ్జెక్టు జెండర్, అంతర్జాతీయ అభివృద్ధి. ఈ మాట చెప్తే మా చిన్నమ్మ “అది చదివితే ఏం ఉద్యోగం వస్తాది పాపా?” అంటుంది. మా డిపార్ట్‌మెంటులో కూడా ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు. అనంతపురం పల్లెల్లో అంతర్జాతీయం ఏముందని అడిగితే మాత్రం చెప్పగలను. 1982లో మొదలైన డ్వాక్రాకు యునిసెఫ్ సాయం ఉండేది. తొంభైల మధ్యలో ఐక్యరాజ్యసమితి వాళ్ల యూఎన్‌డీపీ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం ఒకటి తెచ్చి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిపింది. ఆ అనుభవం చూసుకొనే 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ‘వెలుగు’ వచ్చింది. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది. ఇన్ని పేర్లు మారినా మా ఊర్లో ఆడవాళ్లకు అన్నీ డ్వాక్రానే. అరుగు మీద చాప పరుచుకొని రోజుకు రూపాయి లెక్కన పొదుపు కట్టిన మా అమ్మ తరానికి, తమ లెక్కలు వాషింగ్టన్ దాకా పోతాయని ఎవరూ చెప్పలేదు.

బర్రెల సంగతి అందరికీ తెలిసిందే. అప్పు కాగితంలో ఆదాయం తెచ్చే పని చూపించాలి. బుక్‌కీపర్‌కు ఏది రాస్తే పని జరుగుతుందో తెలుసు. అడిగేవాళ్లకూ తెలుసు, ఇచ్చేవాళ్లకూ తెలుసు. డబ్బు పోయేది మాత్రం బోరుకు, విత్తనం కాయలకు, పిల్లోడి ఫీజుకు, కూతురి పెండ్లికి. మా వైపు ఎక్కువగా బోరుకే. ఏడాదంతా కలిపి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది.

ఈ విషయం మీద మా రంగంలో పాత గొడవ ఒకటుంది. 1996లో ఆన్ మేరీ గోట్జ్, రీనా సేన్‌గుప్తా అనే ఇద్దరు పరిశోధకులు బంగ్లాదేశ్ పల్లెలు చూసి, ఆడవాళ్ల పేరున ఇచ్చిన అప్పుల్లో చాలావాటి మీద నిజమైన పెత్తనం ఇంట్లో మగవాళ్లదే అని రాశారు. కొన్నేళ్లకు నైలా కబీర్ అనే ఇంకో పరిశోధకురాలు అడ్డం తిరిగారు. అప్పు తీసుకున్న ఆడవాళ్లనే కూర్చోబెట్టి అడిగితే, తమకు ఇంట్లో విలువ పెరిగిందని వాళ్లే అంటున్నారు కదా, మొగుడూ పెళ్లాల బతుకు ఒకే ముడిలో ఉన్నప్పుడు డబ్బు ఎవరు ఖర్చుపెట్టారన్న ఒక్క లెక్కతో ఎట్లా తేలుస్తారు, అన్నది ఆమె వాదన. నాకు కబీర్ వైపే మొగ్గు ఉండేది. ఇప్పటికీ ఉంది. కాకపోతే ఆ వాదనలో ఎక్కువ భాగం డబ్బు ఎవరి చేతికి పోయింది అన్నదాని చుట్టే తిరిగింది. మా జిల్లాలో చూడాల్సింది ఆ అప్పు తిరిగి కట్టిన డబ్బు ఎక్కడినుంచి వచ్చింది అని.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడుగుతారే, పెద్ద కొనుగోళ్లు ఎవరు నిర్ణయిస్తారు, మీ వైద్యం సంగతి ఎవరు నిర్ణయిస్తారు, పుట్టింటికి పోవాలంటే ఎవరు నిర్ణయిస్తారు అని. ఆ ప్రశ్నలే నేనూ పట్టుకుపోయాను. అందరూ చెప్పేది ఒకటే: “ఇద్దరమూ.” అంతకు మించి ఒక్క మాట రాదు. అదే మనిషిని “కంతులు (అప్పు వాయిదాలు) ఎట్ల కట్టినావు?” అని అడిగితే నా పెన్ను చాలదు.

వరసకు నాకు పెద్దమ్మ అయ్యే ఒకామె ఉంది. విత్తనాల కాలం. నీళ్లు చల్లి మెత్తబరిచిన బుడ్డలు (వేరుశనక్కాయలు) గోనె మీద పోసుకొని ఒలుస్తోంది. మిషన్‌కు వేస్తే గింజ పగులుతుంది, పొట్టు లేస్తుంది, మొలక రాదు. అందుకే విత్తనానికి చేత్తోనే ఒలవాలి. బొటనవేలికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుంది. చెయ్యి ఆపకుండానే చెప్పింది. పుస్తకంలో ఆమెది కూడా బర్రే. అసలు వేయించింది బోరు. నీళ్లు పడే పాయింటు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చూపించాడు. తమిళనాడు నంబరు బండి రాత్రిపూట వచ్చింది. బండి పిల్లోళ్లకు అన్నం, చారు ఈమే వండిపెట్టింది. ఏడు వందల అడుగులు దాటినా దుమ్మే లేచింది. తెల్లారేసరికి ఇంటి బట్టలన్నీ తెల్లగా అయినాయట.

ఆ పంట కాలం అట్లా పోయింది. పెదనాన్న బెంగుళూరుకు కూలికి పోయాడు. ఇంక కంతులు. కొన్ని కరువు పని డబ్బుతో కట్టింది. (మా వైపు ఉపాధి హామీని కరువు పని అనే అంటారు. దేశంలో దాన్ని మొట్టమొదట 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మా జిల్లా బండ్లపల్లిలోనే.) కొన్ని ఈ బుడ్డలు ఒలిచిన కూలితో. ఒకసారి కమ్మలు కుదువ పెట్టింది. ఒకసారి పక్కింటి వదిన దగ్గర రెండ్రూపాయల వడ్డీకి తెచ్చి కట్టి, ఆ రెండ్రూపాయల వడ్డీ అప్పుకు మళ్లీ సంఘంలో పొదుపు మీద అప్పు తీసింది. ఈమె కట్టకపోతే సంఘం మొత్తానికి కొత్త లోను ఆగిపోతుంది. అందుకే మీటింగు రోజు పొద్దున్నే తోటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లట. ఎవరూ గట్టిగా ఏమీ అనరు. “ఏం మే, తిన్నావా?” అంటారు, కూర్చుంటారు. “బ్యాంకోడు వచ్చి తిట్టినా నాకు అంత బాధ ఉండదు పాపా,” అంది.

పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా అన్ని కంతులూ టయానికి కట్టినట్టే ఉంది. మండల సమాఖ్య లెక్కలో అది మంచి రికవరీ. ఆ పై రిపోర్టుల్లో అది మహిళా సాధికారత.

పొలం పాసుపుస్తకం పెదనాన్న పేరున ఉంది. పంట నష్టం డబ్బు వచ్చినా ఆయన ఖాతాలోకే, బీమా వచ్చినా ఆయన ఖాతాలోకే. అప్పు ఆమె పేరున, బోరు గుంత ఆయన పొలంలో. అభివృద్ధి పథకాలు సేద్యం చేసే ఆడవాళ్లను లెక్కలోకే తీసుకోవడం లేదని ఎస్తర్ బోసెరప్ అనే ఆర్థికవేత్త 1970లో, ఎక్కువగా ఆఫ్రికాను చూసి, చెప్పింది. ఇప్పుడు లెక్కలోకి తీసుకున్నారు, కాదనను. అప్పు ఇచ్చేటప్పుడు. పోనీ పుట్టింటి భూమి? అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు సమాన వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. ఆ వాటా నిజంగా తీసుకున్న వాళ్లను మా ఊర్లో వెతుకుతున్నాను. పండక్కి పిలిచే అన్నదమ్ముడు కావాలా, ఎకరం కావాలా అంటే అన్నదమ్ముడే అన్నవాళ్లు చాలామంది కనపడ్డారు. వాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కమ్మలు కుదువ పెట్టాల్సి వచ్చిన రోజు పుట్టింటికే కదా ఫోన్ చేసేది.

ఇదంతా విని సంఘాలు దండగ అనుకుంటారేమో. మా గైడ్ మేడమ్ కూడా అదే అడిగింది, నీ వాదన చివరికి సంఘాలకు వ్యతిరేకమా అని. నేను అదే ప్రశ్న పెద్దమ్మను అడిగాను. ఒలుస్తున్న చెయ్యి అప్పుడు ఆగింది. “సంఘం లేకుంటే ఆయప్ప (అంటే మా పెదనాన్న) అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి ఇదే బోరు వేస్తాడు. అప్పుడూ కట్టేది నేనే.” ఇంతకంటే మంచి జవాబు నాకు చదివిన వ్యాసాల్లో దొరకలేదు. థీసిస్‌లో ఆమె మాటల్లోనే పెడుతున్నాను, యాస దిద్దకుండా.

అందుకే ప్రశ్నల ఫారం మార్చేశాను. నిర్ణయం ఎవరిది అన్న మూడు ప్రశ్నలూ ఉంచాను, లేకపోతే మిగతా పరిశోధనలతో పోల్చడానికి కుదరదని మేడమ్ పట్టుబట్టింది. వాటి కింద ఒక్కో కంతుకు ఒక్కో వరస గీసి, డబ్బు ఎక్కడిది, ఎవరి కష్టం, ఏం కుదువ పెట్టారు, ఎవరి దగ్గర మాట పడ్డారు అని గళ్లు పెట్టాను. ఆ చివరి గడిని కంప్యూటర్‌లో ఎట్లా ఎక్కించాలో ఇంకా తేలలేదు.

ఈ పనికి నాకు పాత తీర్మానాల పుస్తకాలు కావాలి, ముఖ్యంగా 1995 నుంచి 2005 మధ్యవి. ఆఫీసుల్లో ఉన్నవి చెదలు తిన్నంత తిన్నాయి. మిగతావి చాలావరకు మొదటి లీడర్ల ఇండ్లల్లో ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. మీది అనంతపురమో కర్నూలో అయితే, మీ అమ్మో అవ్వో అప్పట్లో సంఘం లీడరుగా చేసుంటే, ఆ పుస్తకాలు పాత పేపర్లతో పాటు తూకానికి వేయకముందు నాకొక మెసేజ్ పెట్టండి. నేనే వచ్చి అక్కడే కూర్చొని ఫోటోలు తీసుకుంటాను, పుస్తకం మీ ఇంట్లోనే ఉంటుంది.