లేత నీలం పెన్సిల్

అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను, వెనకాల ఓ పిల్లాడు జరగమన్నట్టు గట్టిగా దగ్గాడు. జరగలేదు.

అచ్చులో నున్నగా కనిపించే కామిక్స్ పేజీకి చేత్తో గీసిన ఒరిజినల్ ఇలా ఉంటుందా! ఒక చెయ్యి మీద తెల్ల రంగు పూసి మళ్లీ గీశారు, ఇంకు గీతల కింద లేత నీలం పెన్సిల్ అలాగే ఉంది. అచ్చు కోసం పేజీని ఫొటో తీసే ప్రెస్సు కెమెరాకి ఆ నీలం కనిపించేది కాదు కాబట్టి చెరిపే పనే లేదట. ఎంత తెలివి!

బ్రస్సెల్స్ కామిక్స్ మ్యూజియం. 1906లో ఆర్కిటెక్ట్ విక్టర్ ఓర్టా ఓ బట్టల వ్యాపారికి కట్టిన భవనం, 1989 నుంచి బొమ్మల కథలది. హాస్యం, డిటెక్టివ్, కౌబాయ్, చరిత్ర, సొంత జీవిత కథలు, అన్నీ ఒకే కప్పు కింద. నవ్వించేవాటి కంటే సొంత కథల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను, ఎందుకో.

మనకేం తక్కువ అసలు? బాపు గారి గీత, వడ్డాది పాపయ్య గారి రంగులు, నేను చూసినవన్నీ అచ్చు కాపీలే. వాటినీ ఇలా అద్దం దగ్గరికెళ్లి, ఎక్కడ దిద్దారో, ఎక్కడ చెయ్యి తడబడిందో వెతుక్కుంటూ చూడాలని ఒకటే ఆశ.

మావారు మాత్రం వాఫిల్ తిందాం రమ్మని ఫోను మీద ఫోను.