గోడమీది కాగితాల్లో ఏది చూడాలి

రాయగడలోనైనా, పర్లాకిమిడిలోనైనా సైకాలజిస్టు గదిలోకి వెళ్తే గోడకు రెండు మూడు కాగితాలు ఫ్రేము కట్టి కనిపిస్తాయి. "జాతీయ సంఘం సభ్యులు" అన్నది చూసి మనవాళ్లు సర్కారు అనుమతి ఉందనుకుంటారు. సభ్యత్వం అనుమతి కాదు.

భారత క్లినికల్ సైకాలజిస్టుల సంఘం 1968లో పుట్టింది. వృత్తిలో ఉన్నవాళ్లు తమకోసం పెట్టుకున్నది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసే హక్కు మాత్రం 1992 చట్టం కింద భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్టరులో పేరు ఎక్కితేనే వస్తుంది. ఎం.ఏ. తర్వాత మండలి గుర్తించిన చోట రెండేళ్ల ఎం.ఫిల్. చేసినవాళ్లే అందులోని క్లినికల్ సైకాలజిస్టుల్లో ఎక్కువ. సీఆర్‌ఆర్ నంబరు, అంటే ఆ రిజిస్టరులో వాళ్ల నంబరు, అడగండి, మండలి వెబ్‌సైటులో కొట్టి పేరు, చదువు, గడువు మూడూ చూడండి. అడిగితే మర్యాద తప్పినట్టు కాదు. గడువు తీరిపోయిన నంబర్లూ ఉంటాయి, అందుకే తేదీ ముఖ్యం.

అలాగని సంఘం ఉత్తది కాదు. రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే చదువు ఆగకూడదు. సంఘం పెట్టే సదస్సులు, వర్క్‌షాపులు, పత్రిక ఆ పనికే. సభ్యుల నడవడికి నియమావళి రాసేదీ, చట్టాలు వచ్చేటప్పుడు వృత్తి తరఫున మాట్లాడేదీ అదే.

ఆంధ్ర, ఒడిశాల మధ్య ఉన్న మన సరిహద్దు జిల్లాల్లో సంఘం పట్టించుకోవాల్సింది భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లవాడికి వైకల్య ధ్రువపత్రం కోసం తెలివి పరీక్ష చేస్తారు. పిల్లల తెలివి కొలిచే మాలిన్ పరీక్షలో మాటలతో చేసే భాగం వేరు, చేతులతో చేసే భాగం వేరు. ప్రశ్నలు ఒడియాలో అడిగితే జవాబు తెలిసిన పిల్లవాడు కూడా మాటలకోసం తడుముకుని మార్కులు పోగొట్టుకుంటాడు. రెండు భాగాల మధ్య తేడా బాగా ఉన్నప్పుడు సగటు అంకె ఒక్కటే రాస్తే ఆ రిపోర్టు పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. సెగాన్ చెక్క పలక పరీక్షకు భాష పెద్దగా అక్కర్లేదు: పది ముక్కలు, మూడుసార్లు పేర్చాలి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సమయం లెక్క. అయితే అదొక్కటే చాలదు.

రోజువారీ పనులు ఎంతవరకు వచ్చో చూసే వైన్‌ల్యాండ్ స్కేలులో పిల్లవాడు సొంతంగా తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా వంటి 89 అంశాలు ఇంట్లోవాళ్లను అడుగుతారు. తల్లికి ఒడియా రాదని తండ్రినో మామనో కూర్చోబెడతారు. రోజూ చొక్కా తొడిగేది తల్లి, ఆమెకే తెలుస్తుంది. తెలుగు తెలిసిన మనిషిని పెట్టి ఆమెనే అడగాలి. కానీ పిల్లవాడికి పెట్టే పరీక్షలో తల్లిని దుబాసీగా పెట్టకూడదు. ప్రేమకొద్దీ జవాబుకు సూచన అందిస్తుంది.

ఏ భాషలో పరీక్షించారో, దుబాసీ ఉన్నారో లేదో రిపోర్టులో రాయమని అడగండి. ఎవరు ఏ భాషలో పరీక్ష చేయగలరో జిల్లాలవారీగా జాబితా ఇవ్వడం సంఘం చేయదగ్గ పని. సమావేశాల్లో ఉపన్యాసాలకన్నా అదే మనకు ఎక్కువ అక్కరకొస్తుంది.

తప్పు జరిగిందనిపిస్తే సంఘానికి రాయవచ్చు. మహా అయితే సభ్యత్వం తీసేస్తుంది. రిజిస్టరులోంచి పేరు కొట్టేసే అధికారం మండలిదే. ఫిర్యాదుకు రిపోర్టు నకలు, పరీక్ష తేదీ, సీఆర్‌ఆర్ నంబరు, పరీక్ష జరిగిన భాష జతచేయండి.