అమ్మ పాటలు, కనబడని 91 జీబీ

కనుమ మర్నాడు మధ్యాహ్నం అమ్మ హారతి పాట పాడుతుంటే రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. డిస్క్‌లో చోటు లేదని స్క్రీన్ మీద మెసేజ్. నాకు నమ్మబుద్ధి కాలేదు. డిసెంబరులో చూసినప్పుడు 90 జీబీకి పైగా ఖాళీ ఉంది, బాగా గుర్తు.

మా అమ్మకి మంగళహారతులు, పెళ్లి పాటలు, లాలి పాటలు కలిపి రెండు వందల దాకా వచ్చు. చాలావరకు వాళ్ల అమ్మమ్మ దగ్గర విని నేర్చుకున్నవే, ఎక్కడా రాసి లేవు. ఏడాదిన్నరగా వీలు చిక్కినప్పుడల్లా పాడించుకుని ఇంట్లో డెస్క్‌టాప్‌లో దాస్తున్నాను. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైల్ నిమిషానికి 10 ఎంబీ అవుతుంది, గంటకు 600 ఎంబీ. అంటే 90 జీబీ నిండాలంటే నెలరోజుల్లో అమ్మ 150 గంటలు పాడాలి. పాటల వల్ల కాదని అక్కడే తెలిసిపోయింది. కానీ టెన్షన్‌లో ఉన్నప్పుడు లెక్క బుర్రకెక్కదు. ముందు కనబడిందల్లా తీసెయ్యడం మొదలుపెట్టాను.

నా కంప్యూటర్లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ట్రాష్ ఖాళీ చేశాను. అప్‌డేట్ల కోసం దింపుకున్న ప్యాకేజీలు అలాగే పడి ఉంటే ఆప్ట్ క్లీన్ అనే కమాండ్‌తో పోయాయి. సిస్టమ్ లాగ్‌లు 3 జీబీ దాకా పేరుకుంటే 200 ఎంబీకి కుదించాను. దగ్గు వచ్చినవీ, పదం తప్పినవీ, బయట బండి హారన్ పడినవీ, పాడైన టేకులు కూడా కొన్ని శాశ్వతంగా తీసేశాను. ఇంతా చేస్తే 6 జీబీ వచ్చింది.

అమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. “చోటు లేకపోతే పాతవి తీసెయ్యవే, మళ్లీ పాడతాలే” అంది. అమ్మకి 76 ఏళ్లు. పోయినేడు ఒక్క గుక్కలో పాడిన చరణాన్ని ఇప్పుడు రెండు సార్లు ఆగి పాడుతోంది. ఆ మాట విన్నాక ఇంకో ఫైల్ మీద చెయ్యి వెయ్యలేకపోయాను.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి ఉద్యోగమే సర్వర్లు చూసుకోవడం. “అక్కా, తీసెయ్యడం ఆపు. డీఎఫ్ ఎంత చెబుతోందో, డీయూ ఎంత చెబుతోందో రెండూ రాసి పెట్టు” అన్నాడు. అప్పటిదాకా ఆ రెండూ ఒకటే అనుకున్నాను. డీఎఫ్ అనే కమాండ్ ఫైళ్ల జోలికి పోదు, ఎన్ని బ్లాకులు, అంటే డిస్క్ చోటు ముక్కలు, వాడేశావని ఆ లెక్క ఉంచుకునే ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది. డీయూ ఒక్కో ఫోల్డర్‌లోకీ దిగి, కనబడిన ప్రతి ఫైల్ సైజూ కూడుకుంటూ వస్తుంది. రెండూ కాస్త అటూఇటూగా కలవాలి.

కలవలేదు. అన్ని ఫోల్డర్లూ చూసే అధికారమిచ్చే సుడోతో, బయటి డ్రైవ్‌లను లెక్కలోకి తీసుకోకుండా ఎక్స్ ఆప్షన్ పెట్టి డీయూ నడిపితే 111 జీబీ అంది. డీఎఫ్ మాత్రం 202 జీబీ అంది. తేడా 91 జీబీ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీనితో నేను ఓ అరగంట తికమకపడ్డాను. నా కంప్యూటర్లో డిస్క్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, ఈ కమాండ్లు 1024తో లెక్కేస్తాయి కాబట్టి అది 223 అవుతుంది. అందులో ఉబుంటు పార్టిషన్, అంటే ఉబుంటుకి కేటాయించిన భాగం, 219. పైగా ఆ భాగంలో ఉన్న ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ కోసం, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా కోసం, అట్టేపెడుతుంది, అది ఇంకో 11. 219లో 202 పోతే 17 మిగలాలి కదా, 6 అనే చూపిస్తోందేమిటని బెంగపడితే కారణం ఇదీ. పోయిన 91 జీబీకి దీనితో సంబంధం లేదు.

తమ్ముడి మొదటి అనుమానం తీసేసినా తెరిచే ఉన్న ఫైళ్ల మీద. ఏదైనా ప్రోగ్రామ్ ఒక ఫైల్‌ని పట్టుకుని ఉండగా మనం దాన్ని డిలీట్ చేస్తే పేరు పోతుంది గానీ చోటు పోదు, ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా. రీస్టార్ట్ చేస్తే అలాంటివన్నీ ఖాళీ అవుతాయి. చేశాను. తేడా 91 దగ్గరే ఉంది.

“అయితే బ్యాకప్ డ్రైవ్ ఎప్పుడైనా పీకావా?” అన్నాడు.

పీకాను. పండక్కి ఇల్లు దులుపుతూ టేబుల్ జరిపి, యూఎస్‌బీ డ్రైవ్ కేబుల్ తీసి, డ్రైవ్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. కనుమ మర్నాడు పొద్దున్నే మళ్లీ తగిలించాను. మధ్యలో పన్నెండు రోజులు.

ఆ పన్నెండు రోజులూ రాత్రి రెండింటికి, వేళకి పనులు మొదలుపెట్టే క్రాన్ లేచి, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌ని నడుపుతూనే ఉంది. నా హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని బ్యాకప్ అనే ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యమని దానికి చెప్పింది నేనే. డ్రైవ్ తగిలించి ఉంటే ఆ ఫోల్డర్ డ్రైవ్‌కి గుమ్మం. డ్రైవ్ లేకపోతే అది ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న ఉత్త ఖాళీ ఫోల్డర్. ఫోల్డర్ ఉంది కదా, ఆర్‌సింక్ అందులో రాసింది. మొదటి రాత్రే హోమ్ మొత్తం ఇంకోసారి అదే డిస్క్ మీద పడింది, ఆ తర్వాత రోజూ కొత్తవి. లాగ్‌లో ఎక్కడా ఎర్రర్ లేదు.

తిరిగి తగిలించగానే డ్రైవ్ ఆ ఫోల్డర్ మీద మౌంట్ అయింది, అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే డ్రైవ్‌లోవే కనబడతాయి. గోడ గూటి నిండా సామాను పెట్టి దాని ముందుకి బీరువా జరిపినట్టు. తలుపు తీస్తే బీరువాలోవే కనబడతాయి, గూట్లోవి అక్కడే ఉంటాయి. డీయూకి గూడు కనబడదు. డీఎఫ్‌కి తెలుసు.

డ్రైవ్ తియ్యకుండానే చూసే దారి ఒకటుంది. ఉబుంటు ఉన్న పార్టిషన్‌ని బైండ్ మౌంట్‌గా ఇంకో ఖాళీ ఫోల్డర్‌లో చూపించమంటే, దాని మీద వేరే డ్రైవ్‌లు పరుచుకోకుండా అసలు స్వరూపం వస్తుంది. అందులోంచి బ్యాకప్ ఫోల్డర్‌కి వెళ్లి డీయూ కొట్టాను. 91 జీబీ. నంబర్ చూసి అమ్మని పిలిచాను. అమ్మకి ఏమీ అర్థం కాకపోయినా “దొరికిందా?” అని సంతోషపడింది.

వెంటనే తీసెయ్యలేదు. ఇక్కడే అందరికీ భయం ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే గూడుకీ బీరువాకీ ఒకటే పేరు. పొరపాటున డ్రైవ్ మౌంట్ అయి ఉండగా ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తే పోయేది అసలు బ్యాకప్. అందుకని ముందు గూట్లో ఉన్న కాపీకీ డ్రైవ్‌కీ మధ్య ఆర్‌సింక్‌ని డ్రై రన్‌లో నడిపాను, అంటే ఏదీ కదపకుండా ఏమేం తేడా ఉందో చెప్పమని. లిస్టులో ఎక్కువగా బ్రౌజర్ తాలూకు చెత్త, మధ్యలో మూడు వేవ్ ఫైళ్లు. మూడూ ఆ పన్నెండు రోజుల్లో రికార్డు చేసి, కంగారులో నేను తీసేసినవే. అవి పక్కన పెట్టుకుని, డ్రైవ్ అన్‌మౌంట్ చేసి, కేబుల్ కూడా చేత్తో పీకి, అప్పుడు తుడిచాను. డీఎఫ్ 111కి వచ్చింది.

ఇప్పుడు స్క్రిప్ట్ మొదటి లైనులోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డ్రైవ్ నిజంగా ఉందా అని చూసుకుంటుంది, లేకపోతే ఆగిపోతుంది. డ్రైవ్ తీసి ఉండగానే ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ అనే కమాండ్‌తో, మార్చకూడదని చెప్పే ఐ గుర్తు కూడా పెట్టాను, రూట్ అయినా సరే అందులో ఏమీ రాయడం కుదరదు.

ఆ మూడు ఫైళ్లలో ఒకటి భోగి సాయంత్రంది. రెండో చరణంలో వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. అమ్మ ఆగింది, “ఇంకో రెండు రావాలి” అంది మెల్లగా, విజిల్ తగ్గాక అదే శ్రుతిలో ఎత్తుకుంది. నాలుగు నిమిషాలు, 40 ఎంబీ. పాడైన టేకు అని ఆ రోజు తీసేశాను. ఇప్పుడు దానికి పేరు మార్చి మిగతా పాటల పక్కన పెట్టాను.