అమ్మ నాకు, అమ్మమ్మ దానికి

అమ్మ పోయి 11 నెలలైంది. ఇన్నాళ్లూ రాద్దామని కూర్చోవడం, రెండు లైన్లు రాసి చెరిపేయడం. ప్రేమ, ఓర్పు, త్యాగం అని రాస్తుంటే అది ఏ అమ్మకైనా సరిపోతోంది, మా అమ్మ మాత్రం కనపడట్లేదు. ఈ మధ్యే ఒకటి అర్థమైంది. నేనూ మా అమ్మాయీ ఒకే ఇంట్లో కూర్చుని ఏడ్చినా, నేను వెతుక్కునే మనిషి వేరు, అది వెతుక్కునే మనిషి వేరు. ఆ ఇద్దరూ ఒక్కరే అంటే ఒక్కోసారి నాకే నమ్మబుద్ధి కాదు.

నాకు తెలిసిన అమ్మ గట్టి మనిషి. లెక్క తప్పు చేస్తే కొట్టేది కాదు, అరిచేది కాదు, ఆ పేజీ చింపి చేతిలో పెట్టి మళ్లీ మొదట్నుంచి చెయ్యమనేది. అన్నీ కరెక్టుగా చేసి చూపిస్తే "ఊ" అనేది. ఆ "ఊ" కోసం నేనెంత చదివానో ఆవిడకి తెలుసో లేదో. నా గౌన్లన్నీ తనే మిషను మీద కుట్టేది, అంచు లోపలికి నాలుగు వేళ్ల గుడ్డ మడిచి ఉంచేది, పొడుగు ఎదిగితే విప్పి దించొచ్చని. ఒక నీలం గౌను ఇంకా నా దగ్గరుంది. దాని అంచు దగ్గర మూడు గీతలుంటాయి, విప్పేసిన పాత కుట్ల గుర్తులు. మడత లోపల దాగిన చోట రంగు ఇంకా ముదురుగానే ఉంది, ఎండ తగిలిన చోట వెలిసిపోయింది. ఏ ఏడు ఎంత పెరిగానో వేలు పెట్టి చూపించొచ్చు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న గుర్తు పెద్దగా లేదు గానీ, నా కొలతలు టేపు లేకుండా చెప్పేది.

మా అమ్మాయికి దొరికిన అమ్మమ్మ అసలు చింపడమే తెలియని మనిషి. ఇది లెక్క తప్పు చేస్తే "దగ్గరిదాకా వచ్చావే!" అని మురిసిపోయేది. దీని బొమ్మలకి వేలెడంత జాకెట్లు కుట్టి, వాటికి టిచ్ బటన్లు కూడా పెట్టేది, ఆ కళ్లద్దాలతో ఎలా కుట్టేదో మరి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, నన్నెప్పుడైనా ఇలా చూశావా అని. కాస్త కుళ్లుతోనే అడిగాను. అమ్మ మిషను ఆపకుండానే అంది: "అప్పుడు భయంగా ఉండేదే, నువ్వు సరిగ్గా పెరుగుతావో లేదోనని. దీని టెన్షన్ నీది కదా." అంతే. నాకది చాలా ఏళ్ల బాకీ తీరినట్టు అనిపించింది.

అమ్మ పోయే ముందు ఏడాది, మా అమ్మాయి బయాలజీ చదువుతూ పరిగెత్తుకొచ్చింది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని అండాలన్నీ తయారైపోతాయట, పుట్టేసరికే పది ఇరవై లక్షలు ఉంటాయట. "అంటే అమ్మమ్మా, అమ్మ నీ కడుపులో ఉన్నప్పుడు నేను కూడా అక్కడే ఉన్నా, సగం!" అంది. అమ్మ కళ్లద్దాలు తీసి, అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని అలాగే కూర్చుంది కాసేపు. తర్వాత వారం రోజులు ఫోన్ చేసిన వాళ్లందరికీ అదే మాట.

అమ్మ పోయాక నేను ఇంకోటి చదివాను. బిడ్డ కణాలు కొన్ని తల్లి ఒంట్లో ఉండిపోతాయట. 1996లో వచ్చిన ఒక పరిశోధనలో, మగబిడ్డను కన్న తల్లి రక్తంలో 27 ఏళ్ల తర్వాత కూడా ఆ కణాలు కనిపించాయి. తల్లి కణాలూ అలాగే బిడ్డల్లో ఉంటాయి. ఇది అమ్మకి చెప్పి ఉంటే ఎంతమందికి ఫోన్ చేసేదో.

నాతో అమ్మ ఫోన్ మాటలు నిమిషం దాటేవి కాదు. "తిన్నావా, సరే, ఉంటా." ఒక్కటీ రికార్డు చేసుకోలేదు, రోజూ ఉండేదాన్ని ఎవరు దాచుకుంటారు? మా అమ్మాయి ఫోన్లో మాత్రం అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌లు చాలా ఉన్నాయి. వినే ధైర్యం నాకు లేక, అది ఇస్తానన్నా ఇన్నాళ్లూ వద్దన్నాను. మొన్న రాత్రి అది తన పక్కనే కూర్చోబెట్టుకుని ఒకటి వినిపించింది. పరీక్షల ముందు పంపినదట, రాత్రి పదకొండింటికి. బాగా చదువుకో తల్లీ, కళ్లు మంటగా ఉంటే పడుకో, ఇవన్నీ అయ్యాక గొంతు తగ్గించి అంటోంది: "మీ అమ్మ పడుకుందా? ఆ గదిలో లైటు తీసెయ్యమ్మా. దానికి చిన్నప్పట్నుంచీ వెలుతురుంటే నిద్ర పట్టదు."