బకెట్టు లేని పొక్లెయిన్

మా నాన్న చీమకుర్తి దగ్గర రామతీర్థం క్వారీల్లో పొక్లెయిన్ ఆపరేటరుగా ముప్పై ఏళ్ళు పనిచేశారు. పొక్లెయిన్ అన్నది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు గానీ, మట్టి తవ్వి రాయి దొర్లించే ఆ పెద్ద బండి ఏ కంపెనీది అయినా మా వైపు దానికి ఆ ఒక్క పేరే స్థిరపడిపోయింది. గెలాక్సీ గ్రానైటు పేరుతో దేశదేశాలకు వెళ్ళే మా రాయి సంగతీ అంతే. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి, అందులో మెరిసే పసుపు చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజం. పేర్లు ఎలా ఉన్నా, నా చిన్నతనంలో నేను చూసిన అతి పెద్ద ప్రాణి ఏనుగు కాదు, ఆ క్వారీ గుంటలో నాన్న నడిపే బండి.

సెలవు రోజుల్లో క్యారేజీ తీసుకువెళ్ళినప్పుడు, బండి ఆగి ఉంటే నాన్న నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించుకునేవారు. అక్కడ రెండు సంగతులు నాకు తెలియకుండానే వంటబట్టాయి. మొదటిది, బండికి కింది భాగం వేరు, పై భాగం వేరు. చైన్లు ఒక దిక్కుకు తిరిగి ఉండగానే పైనున్న క్యాబిన్ మరో దిక్కుకు తిరుగుతుంది కాబట్టి, తన కాళ్ళు ఎటు ఉన్నాయో ఆపరేటరు ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి. రెండవది, టెంపరేచర్ ముల్లు. ప్రకాశం జిల్లా మే నెల ఎండలో నల్లరాతి గుంట పెనంలా కాలుతుంటే, పని ఎంత తొందరగా ఉన్నా ఆ ముల్లు ఎర్ర గీత దగ్గరకు వెళ్ళనివ్వకపోవడమే మంచి ఆపరేటరుకు గుర్తు అని నాన్న అనేవారు.

1998 వేసవిలో, ఏడో తరగతి పరీక్షలు అయ్యాక, నన్ను ఒంగోలులోని మామయ్య ఇంటికి పంపించారు. మామయ్య మద్రాసు రిచీ స్ట్రీటు నుంచి విడి భాగాలు తెచ్చి కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మేవాడు. ఆ రోజుల్లో కొన్ని గ్రాఫిక్స్ కార్డుల పెట్టెల్లో ఆటల సీడీలు ఉచితంగా వచ్చేవి. తన ఇంటి కంప్యూటరుకు పెట్టుకున్న కార్డుతో వచ్చిన సీడీని మామయ్య ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. దాని మీద ఉన్న పేరు మెక్‌వారియర్ 2. మనిషి లోపల కూర్చుని నడిపే, కాళ్ళతో నడిచే భారీ యుద్ధ యంత్రాల మీద యాక్టివిజన్ సంస్థ 1995లో విడుదల చేసిన ఆట అది. మామయ్య కొట్టుకు వెళ్ళాక, అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తున్న సమయంలో, నేను దానిని డ్రైవులో పెట్టాను.

అప్పటిదాకా నాకు తెలిసిన వీడియో గేముల్లో మీట నొక్కగానే బొమ్మ ఎగిరేది, కొట్టేది, చచ్చేది, మళ్ళీ లేచేది. ఇందులో ముందు చీకటి. ఆ తరువాత ఒక ఆడగొంతు రియాక్టరు మొదలైందని, సెన్సార్లు మొదలయ్యాయని, ఆయుధాలు సిద్ధమని, అన్నీ సక్రమంగా ఉన్నాయని ఒక్కొక్కటిగా చెప్పింది. పొద్దున్నే బండి ఎక్కేముందు నాన్న ఆయిల్, నీళ్ళు, డీజిలు, హైడ్రాలిక్ పైపులు వరసగా చూసుకునే తీరు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది. తరువాత అంకెల మీటతో వేగం పెంచితే క్యాబిన్ కుదుపుతూ, ఒక్కో అడుగు నేలను అదుముతూ ఆ యంత్రం నడిచింది. కాళ్ళు ఒక వైపు వెళుతుండగా నడుము పై భాగాన్ని మరో వైపు తిప్పి కాల్చవచ్చని కాసేపటికి తెలిసింది. ఆ సాయంత్రం వచ్చిన మామయ్య అరగంట ప్రయత్నించి, తన బండి ఎటు పోతున్నదో తెలియక కొండకు గుద్దుకుని విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ చిక్కు ఒక్క నిమిషం కూడా రాలేదు, ఎందుకంటే అది పొక్లెయినే. కాకపోతే పొక్లెయిన్ పై భాగం చుట్టూ తిరుగుతుంది, దీని నడుము కొంత దూరం వెళ్ళి ఆగిపోతుంది.

ఆ ఆట వెనుక ఉన్న లోకం పేరు బ్యాటిల్‌టెక్ అని చాలా ఏళ్ళ తరువాత తెలుసుకున్నాను. అమెరికాలో ఫాసా అనే చిన్న సంస్థ 1984లో దానిని బల్ల మీద పాచికలతో ఆడే ఆటగా తెచ్చింది. మొదట పెట్టిన బ్యాటిల్‌డ్రాయిడ్స్ అనే పేరులోని డ్రాయిడ్ అన్న ముక్క మీద, స్టార్ వార్స్ సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ హక్కు చెప్పడంతో మరుసటి ఏడాది పేరు మార్చుకున్నారు. అందులోని యంత్రాలకు బరువును బట్టి తరగతులు ఉన్నాయి. 20 నుంచి 35 టన్నులవి తేలిక రకం, 40 నుంచి 55 వరకు మధ్య రకం, 60 నుంచి 75 వరకు బరువైనవి, 80 నుంచి 100 వరకు దాడి రకం. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగిన వాడికి ఇది వివరించనక్కరలేదు. పాలపళ్ళ జతను ఆరుపళ్ళ జతతో కలిపి ఎవరూ పోటీకి దింపరు గదా. నాకు నచ్చిన టింబర్ వుల్ఫ్ 75 టన్నులది. మారాడర్, కెటపుల్ట్ అనే రెండు పాత యంత్రాల పోలికలు ఉండడం వల్ల శత్రువుల కంప్యూటర్లు దానిని ఏదని తేల్చుకోలేక, రెండు పేర్ల ముక్కలు కలిపి మ్యాడ్ క్యాట్ అన్నాయని ఆ కథలో చెబుతారు. ఆ కథలోని తెగలవారు యుద్ధానికి ముందు వేలం పాడతారు, కానీ పాట పైకి పోదు, కిందికి దిగుతుంది. అందరికన్నా తక్కువ బలగంతో గెలుస్తానన్న వాడికే యుద్ధం దక్కుతుంది. లెస్ వేసి టెండరు దక్కించుకునే మన కాంట్రాక్టర్లకు ఇదేమీ కొత్త కాదు.

నన్ను అన్నిటికన్నా పట్టి ఉంచింది వేడి. లేజరు కాలిస్తే వేడి, రెండు కలిపి కాలిస్తే ఇంకా వేడి, హద్దు దాటితే యంత్రం తనంతట తాను ఆగిపోయి శత్రువు ముందు దిమ్మలా నిలబడుతుంది. ఆగకుండా మనం అడ్డుకోవచ్చు, కానీ పేలిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకని యుద్ధానికి ముందే యంత్రాన్ని విప్పి, ఏ ఆయుధానికి ఎన్ని టన్నులు, వేడిని పీల్చే హీట్ సింకులకు ఎన్ని, కవచానికి ఎన్ని అని పంచుకోవాలి. కణాల పుంజాన్ని పిడుగులా విసిరే తెగల ఫిరంగి ఈఆర్ పీపీసీ 6 టన్నులే, కానీ బోర్డు ఆట నియమాల ప్రకారం ఒక్క దెబ్బకు 15 పాళ్ళ వేడి పుట్టిస్తుంది. అయస్కాంత బలంతో గుండ్లు విసిరే గాస్ రైఫిలుకు ఒక్క పాలే, కానీ దాని బరువు 12 టన్నులు, పైగా గుండ్లు అయిపోతే అది మోత బరువే. లెక్కల నోటుబుక్కు వెనుక పేజీల్లో ఆ వేసవి అంతా ఈ కూడికలు, తీసివేతలే చేశాను. బడిలో అంత శ్రద్ధగా ఎన్నడూ చేయలేదని ఒప్పుకుంటాను.

సంగీతం సంగతి కూడా చెప్పాలి. జీహున్ హ్వాంగ్ కూర్చిన పాటలు ఆ సీడీలో మామూలు ఆడియో ట్రాకులుగానే ఉండేవి, ఆట నడుస్తుండగా కంప్యూటరు వాటిని నేరుగా చదివి వినిపించేది. దానిని మామూలు ప్లేయరులో పెడితే మొదటి ట్రాకును వదిలేసి రెండవదాని నుంచి పాటలు మోగేవి. మామయ్య ఇంట్లో కరెంటు ఉన్నంతసేపూ అవే మోగాయి. కరెంటు పోయినప్పుడు మాత్రం యూపీఎస్ కూత విని గబగబా కంప్యూటరు ఆపడంలో నేను ఆరితేరాను.

సెలవుల చివర నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చిన నాన్న, నా వెనుక నిలబడి చాలాసేపు చూశారు. రెండు చేతుల స్థానంలో తుపాకులు ఉన్న ఆ యంత్రాన్ని కింది నుంచి పైకి పరిశీలించి, "ఇంత బండికి బకెట్టు లేదేందిరా?" అని అడిగారు. పని చేయని యంత్రం ఎందుకన్నది ఆయన సందేహం. నా దగ్గర జవాబు లేదు.

తరువాత 1999లో వచ్చిన మూడవ భాగాన్ని ఒక ఇంటర్నెట్ సెంటరులో గంటల లెక్కన ఆడాను, నాలుగవది ఇంజనీరింగు హాస్టల్లో ఆడాను. మధ్యలో మిత్రులు జపాను వారి ఆర్మర్డ్ కోర్ చూపించారు. అందులో యంత్రాలు గాలిలో జారుతూ, తూనీగల్లా దిశ మార్చుకుంటూ పోట్లాడతాయి. వాటి నేర్పరితనాన్ని మెచ్చుకున్నాను గానీ మనసు అటు పోలేదు. బరువు అడుగడుగునా తెలియకపోతే అది నాకు పెద్ద యంత్రంలా అనిపించదు.

2019 చివర ఐదవ భాగం వచ్చింది. మరుసటి వేసవిలో, లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లోనే ఉన్నప్పుడు, పదవీ విరమణ చేసిన నాన్న మళ్ళీ నా వెనుక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఈసారి ఆయన బకెట్టు ప్రస్తావన తేలేదు. తెర మీద వేడి గీత ఎర్రబారడం, నేను కాల్పులు ఆపకపోవడం, యంత్రం ఉన్నపళంగా ఆగిపోవడం చూసి, "అది తప్పు గదా" అన్నారు. నేను తప్పు చేశానని అనుకున్నాను. ఆయన అంటున్నది యంత్రాన్ని తయారుచేసిన వాళ్ళ గురించి.

"హీటెక్కిన బండిని ఎవడైనా టక్కున ఆపుతాడా? టర్బో బేరింగులో ఆయిల్ తిరగడం ఆగిపోయి మాడిపోతుంది. ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి, చల్లబడినాక ఆపాల."

ఇది డీజిలు ఇంజను కాదని, ఫ్యూజన్ రియాక్టరు అని, సూర్యునిలో జరిగే చర్య లాంటిదే ఇందులో జరుగుతుందని నేను వివరించాను. నాన్న ఓపికగా అంతా విన్నారు.

"ఏదైనా కానీలేరా, ఇంజనేగా" అని, యంత్రం మళ్ళీ మొదలయ్యేదాకా ఆ గీత వంకే చూస్తూ కూర్చున్నారు.