ఇచ్చిన మాత్రలు, మింగిన మాత్రలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ గర్భిణుల్లో రక్తహీనత తగ్గించే పని చేస్తోంది. ఆశ కార్యకర్తలకు శిక్షణ ఇస్తారు, ఇళ్లకు వెళ్లి మాట్లాడతారు, ఐరన్ మాత్రలు ఊరిదాకా చేరేలా చూస్తారు. నిధులిచ్చేవాళ్లు బయటివాళ్లతో మూల్యాంకనం చేయించమన్నారు. ఆ పని నాకొచ్చింది. ఏమేం తేల్చాలో చెప్పే పత్రం (టీఓఆర్)లో మొదటి ప్రశ్నే ఇది: ఈ కార్యక్రమం వల్ల రక్తహీనత ఎంత శాతం తగ్గింది?

దీనికి జవాబు చెప్పలేనని మొదటి సమావేశంలోనే అన్నాను. పని మొదలైనప్పుడు ఎవరి హిమోగ్లోబిన్ ఎంతో ఎక్కడా రాసుకోలేదు. పోల్చి చూద్దామంటే కార్యక్రమం జరగని ఊళ్ల లెక్కలూ లేవు. పైగా ఏజెన్సీలో రక్తం తగ్గడానికి ఇనుము లోపం ఒక్కటే కారణం కాదు. మలేరియా, నులిపురుగులు, వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ రక్తవ్యాధి కూడా ఉన్నాయి. ఎత్తైన చోట్ల హిమోగ్లోబిన్ సహజంగానే కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి, 500 మీటర్లు దాటిన ప్రాంతాల్లో వచ్చిన అంకెను సవరించి చూడాలని డబ్ల్యూహెచ్ఓ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. జిల్లా కేంద్రం పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 60 శాతం, 2019-21 సర్వేలో 58.8. రాష్ట్రమంతా కలిపితేనే కదలిక ఇంత. కొన్ని పంచాయతీల్లో ఒక సంస్థ ఎంత తగ్గించిందో చెప్పమంటే ఏదో ఒక అంకె వస్తుంది కానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

అందుకని ప్రశ్న మార్చమని అడిగాను. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ ప్రకారం గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకొక ఎర్రమాత్ర చొప్పున 180 రోజులు వేసుకోవాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ మాత్ర పీహెచ్‌సీ నుంచి బయల్దేరి ఆమె నోట్లో పడేలోగా ఎక్కడ ఆగిపోతోంది? ఇది తేల్చగలం, తేలితే సరిదిద్దుకోనూ వచ్చు. వాదనలు చాలానే జరిగాయి, చివరికి ఒప్పుకున్నారు.

తర్వాత, అధ్యయనంలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తు, సమ్మతి పత్రం, ప్రశ్నావళి అన్నీ పెట్టాం. చదవడం రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు మా బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలన్నారు. ఒక పెద్దావిడ ఇంకో మాట అడిగారు: "మీ లెక్కల వల్ల ఆశ కార్యకర్త మీదికి మాటొస్తే ఎవరమ్మా బాధ్యులు?" ఆ ప్రశ్న వల్లనే సమ్మతి పత్రంలో ఒక వాక్యం చేర్చాం: ఊరి పేరు గానీ, ఆశ పేరు గానీ ఎవరికీ ఇవ్వం.

ఊళ్లలో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. తెలుగు ప్రశ్నలను ఆ భాషల్లోకి మార్పించి, వేరొకరి చేత మళ్లీ తెలుగులో చెప్పించుకుని సరిచూశాం. ఇంటర్ చదివిన ఊరి ఆడపిల్లలే ఇళ్లకు వెళ్లి అడిగారు. సంత రోజున ఇళ్లలో ఎవరూ ఉండరు కాబట్టి పని వారాన్ని సంతల్ని బట్టి వేసుకున్నాం.

ఒక ఇంట్లో ఎనిమిదో నెల గర్భిణి. మాత్రలు వేసుకుంటున్నావా అంటే తలూపింది. రిజిస్టర్లోనూ అన్నీ అందినట్టే ఉంది. మాత్రలు చూపిస్తావా అని మా అమ్మాయి మెల్లగా అడిగితే, దూలానికి వేలాడదీసిన పాలిథిన్ సంచి దించింది. లోపల పది మాత్రల షీట్లు. ఒకదాంట్లో మూడు గుంటలు ఖాళీ, మిగతావి ముట్టుకోనేలేదు. పొద్దున్నే పొలానికి వెళ్లేముందు పరగడుపున వేసుకుంటే వాంతి అవుతోందట. బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్త భయపెట్టిందట. అన్నీ చెప్పి, "ఆశక్కకు చెప్పకండి, తిట్లు ఆమెకు పడతాయి" అంది.

చాలా ఇళ్లలో ఇదే కనబడింది. అదే డ్రాఫ్ట్‌లో రాశాను: మాత్రలు ఇంటిదాకా చేరుతున్నాయి, కడుపులోకి వెళ్లడం లేదు. వెంటనే సంస్థ ఆఫీసు నుంచి ఫోన్, ఏయే ఊళ్లలో ఇలా ఉందో జాబితా పంపమని. ఇవ్వనన్నాను. మూల్యాంకనానికి డబ్బిచ్చింది మేమే కదా అన్నారు. సమ్మతి పత్రంలోని ఆ వాక్యాన్ని, దాని కింద ఉన్న వేలిముద్రల్ని చూపించాను. ఆ స్త్రీలు తమ ఆశక్కకు ఏమీ కాదన్న నమ్మకంతోనే సంచి దించి చూపించారు. ఆ జాబితా నా చేతి నుంచి వెళ్లనిచ్చే ప్రసక్తే లేదు. ఆ వారం ఈమెయిళ్లలో చాలా కటువుగా మాట్లాడుకున్నాం.

దారి దొరికింది మాత్రం ఆశల సమావేశంలోనే. పేర్లు లేకుండా ఫలితాలు చదివి వినిపించాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒకామె లేచి, "మేడమ్, ఎన్ని షీట్లు ఇచ్చామో రాయడానికి గడి ఉంది. ఎన్ని మింగిందో రాయడానికి గడే లేదు. మమ్మల్ని అడిగేదీ ఇచ్చిన లెక్కే" అంది. సంస్థ కోఆర్డినేటర్ ఆ మాటను అక్కడికక్కడే రాసుకున్నారు.

ఇప్పుడు వాళ్ల కార్డులో ఆ గడి చేరింది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని, టీతో వద్దని, మలం నల్లగా వస్తే భయపడొద్దని చెబుతున్నారు. అత్తల్ని కూర్చోబెట్టి విడిగా మాట్లాడుతున్నారు. వానాకాలంలో దారులు తెగినప్పుడు మాత్రలు అందని సమస్య అలాగే ఉంది. దానికి మూడు నెలల నిల్వ ముందే పైకి పంపాలని నివేదికలో రాశాను, ఇంకా తేలలేదు. పక్క మండలాలకు కార్యక్రమం విస్తరిస్తున్నారని తెలిసి, పని మొదలవకముందే అప్పటి పరిస్థితి లెక్క (బేస్‌లైన్) తీయాలని, రక్తపరీక్షతోపాటు సికిల్ సెల్ పరీక్ష కూడా ఉండాలని, ఫలితాలను ఊళ్లలో చదివి వినిపించే ఖర్చు బడ్జెట్‌లో చూపాలని అడిగాను. మూడూ ఒప్పందంలోకి ఎక్కాకే సంతకం పెట్టాను.